పాత వంతెన మీద సైకిలుకు చోటు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. వాటికి నేను కలిపేదేమీ లేదు. నాకిచ్చిన పావుగంటలో మన హేవలాక్ వంతెన గురించి మాట్లాడతాను. వంతెన చరిత్ర చెప్పడానికి కాదు, అది పిల్లలకు కూడా తెలుసు. ఆ వంతెన మీద రేపు ఎవరు నడుస్తారు, ఎవరు నడవరు అన్నది మన కళ్ళ ముందే తేలిపోయే విషయం. తేలకముందే మన మాట ఒకటి కాగితం మీద ఉండాలని నా కోరిక.

రెండు ముక్కల్లో పూర్వాపరాలు. 1897లో పని మొదలై, 1900 ఆగస్టులో ఆ వంతెన మీద రైళ్ళు నడిచాయి. కట్టించిన ఇంజనీరు వాల్టన్ దొర. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ ది. మొత్తం 56 స్పాన్లు, ఒక్కొక్కటి 150 అడుగులు, పొడవు సుమారు రెండు ముప్పావు కిలోమీటర్లు. ఒకటే లైను. 1997లో పక్కన ఆర్చి వంతెన రావడంతో దీనికి విశ్రాంతి ఇచ్చారు. మనకు 58 ఏళ్ళకి ఇచ్చినట్టు దానికి 97 ఏళ్ళకి ఇచ్చారన్నమాట. పెన్షను మాత్రం శాంక్షను కాలేదు. పాతికేళ్ళకు పైగా ఎన్నో ప్రతిపాదనలు విన్నాం. ఎట్టకేలకు 2025 జూన్ 26న అఖండ గోదావరి పథకానికి రాజమండ్రిలో శంకుస్థాపన జరిగింది. 94 కోట్ల 44 లక్షల ఆ పథకంలో పాత వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దడం కూడా ఉంది. 2027 పుష్కరాలను దృష్టిలో పెట్టుకుని తలపెట్టిన పని ఇది. మంచిదే. నేను దీనికి వ్యతిరేకిని కాను.

నా ప్రశ్న ఒక్కటే. పర్యాటకుడంటే ఆదివారం సాయంత్రం కారులో వచ్చి, టిక్కెట్టు కొని, ఫోటో తీసుకుని, ఐస్‌క్రీము తిని వెళ్ళేవాడు. ఆయనకు చోటు ఉండాలి. సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు క్యారేజీ తగిలించుకుని సైకిలు మీద పనికి పోయేవాడికి అదే వంతెన మీద చోటుందా?

ఈ వంతెన రెండు గట్లనే కాదు, రెండు పారిశ్రామిక ప్రాంతాలను కలుపుతుంది. ఇటు కోటిలింగాల దాటి పైకి పోతే పేపరు మిల్లు. ఇప్పుడు ఆంధ్రా పేపర్ అంటున్నారు గానీ మనకెప్పుడూ పేపరు మిల్లే. అటు కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ వారి రసాయనాల కర్మాగారం. పేరులో పంచదార ఉన్నా అక్కడ తయారయ్యేది కాస్టిక్ సోడా, ఆమ్లాలు. ఈ రెండింటి చుట్టూ చిన్నాచితకా షెడ్లు, గోడౌన్లు, వర్కుషాపులు. ఇటు సరుగుడు కర్ర, సుబాబుల్ కర్ర లారీలు, అటు ట్యాంకర్లు. ఈ బళ్ళ మధ్యనే కాంట్రాక్టు కూలీ సైకిలు తొక్కాలి, వాచ్‌మన్ నడవాలి, షెడ్లు ఊడ్చే ఆడవాళ్ళు గుంపుగా రోడ్డు వారన పోవాలి.

ఇక గోదావరి దాటాలంటే ఉన్నది రోడ్డు-రైలు వంతెన. 1974లో అది వచ్చినప్పుడు మనలో చాలామంది కుర్రాళ్ళం. అంతకుముందు లాంచీ మీద కొవ్వూరు పోయేవాళ్ళం, సైకిలుకు వేరే టిక్కెట్టు. ఆ వంతెన వచ్చాక ఆ బాధ తప్పింది, కాదనను. కానీ అందులో రైలు కింద, రోడ్డు పైన. అంటే సైకిలు వాడు ముందు రైలంత ఎత్తు ఎక్కి ఆ తర్వాత దాటాలి. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, వెనక బస్సు, ఎదురుగా లారీ. 2023లో మరమ్మతులకని కొన్ని వారాలపాటు రాకపోకలు ఆపేశారు. కారున్నవాడు 2015లో తెరిచిన నాలుగో వంతెన మీదుగానో, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో చుట్టు తిరిగి వెళ్ళాడు. సైకిలు మీద అంత చుట్టు తిరిగితే పనికి వేళ దాటిపోతుంది.

పాత వంతెనలో ఉన్న సుఖమేమిటంటే, అది రైలు కోసం కట్టింది. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు. కాబట్టి దాని కట్టలు రెండు వైపులా చాలా మెల్లగా లేస్తాయి. మోకాళ్ళు అరిగిన మనం కూడా ఊతం లేకుండా ఎక్కగలం. లారీ లేదు, హారను లేదు. ఇంతకంటే మంచి సైకిలు దారి కొత్తగా కట్టమంటే ఏ ఇంజనీరూ కట్టలేడు.

ఇలాంటిది ఎక్కడైనా చేశారా అంటే, చేశారు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో పొకీప్సీ అనే ఊరుంది. హడ్సన్ నది మీద అక్కడ 1889 నాటి రైలు వంతెన. 1974లో, అంటే మన రోడ్డు వంతెన వచ్చిన ఏడాదే, అది అగ్నిప్రమాదంలో దెబ్బతిని మూతపడింది. 1992లో ఊరివాళ్ళు కొందరు సంఘం కట్టి, కాగితాలు నడిపి, చందాలు పోగుచేసి, ప్రభుత్వాన్ని కదిలించి, 2009 అక్టోబరులో నడిచేవారికి, సైకిళ్ళకు తెరిపించారు. పొడవు రెండు కిలోమీటర్లు, మనదానికంటే తక్కువే. టిక్కెట్టు లేదు. మా పెద్దమ్మాయి దగ్గరికి 2019లో వెళ్ళినప్పుడు చూశాను. నాకంటే పెద్దవాళ్ళు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, పక్కనుంచి పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు, ఎవరూ ఎవరినీ గుద్దలేదు. ఒక్కటి మాత్రం మనకు పనికిరాదు. చీకటి పడితే అక్కడ గేట్లు వేసేస్తారు. మన దగ్గర ఉదయం 6 గంటల షిఫ్టుకు పోయేవాడు, రాత్రి 10 గంటల షిఫ్టు దిగి వచ్చేవాడు వంతెన దాటేది చీకట్లోనే. గేటు తాళం వాచ్‌మన్ జేబులో ఉంటే అది దారి కాదు, పార్కు.

మన వాళ్ళు చేసిందీ ఒకటుంది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు. ఎండకు నీడ, కరెంటుకు కరెంటు. మే నెలలో మన గోదావరి మీద ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కాబట్టి నీడ ఆలోచన నాకు నచ్చింది. అయితే నది మధ్యలో గాలి వేరు. కప్పు వేస్తే గాలి ఒత్తిడి పాత గర్డర్ల మీద ఎంత పడుతుందో లెక్క కట్టాల్సింది ఇంజనీర్లు. నేను కోరేది 7 స్పాన్లకు ఒక చోట చిన్న నీడ, ఒక బెంచీ, కుండలో మంచినీళ్ళు. 56ని 7తో భాగిస్తే 8 చోట్లు. ముసలివాడు 300 మీటర్లు నడిచి ఒకసారి కూర్చుంటాడు, అంతే లెక్క.

బరువు మాటకు వస్తే, రైళ్ళు మోసిన వంతెనకు మనుషులొక లెక్కా అంటారు. అదీ పూర్తి నిజం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల్లో నడక దారి బరువు మామూలు చోట్ల చదరపు మీటరుకు 400 కిలోలు, తీర్థాలు జాతరలు జరిగే ఊళ్ళలో 500 కిలోలు లెక్క వేయాలని ఉంది. మనది రెండో రకం ఊరు. 2015 జూలై 14న పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ప్రాణాలు పోవడం మనమంతా చూశాం. ఈ వంతెన ఇరుకైనది, మధ్యలో దిగే దారి లేదు. పుష్కరాల పన్నెండు రోజులూ, కార్తీక పౌర్ణమికీ, శివరాత్రికీ లెక్క పెట్టి మనుషుల్ని వదలండి, అవసరమైతే మూసేయండి, దానికి నేను చేతులెత్తి ఒప్పుకుంటాను. ఆ పేరు చెప్పి ఏడాది పొడుగునా గేటు, టిక్కెట్టు పెట్టడమే వద్దంటున్నాను.

ఇక మనకు బాగా తెలిసిన విషయానికి వస్తాను, ఫైలు. పేపరు మిల్లు దగ్గర బయలుదేరి గోదావరి గట్టు మీదుగా వచ్చి, పాత వంతెన ఎక్కి, కొవ్వూరులో దిగి, గోష్పాద క్షేత్రం వైపు నుంచి ఫ్యాక్టరీల దాకా పోయే ఒక్క దారి అనుకోండి. గట్టు నీటిపారుదల వారిది. కింద వీధులు ఇటు కార్పొరేషను వారివి, అటు మునిసిపాలిటీ వారివి. వంతెన మొదట్లో చుట్టూ రైల్వే స్థలాలు. కలిసే రోడ్డు రోడ్లు-భవనాల శాఖ వారిది. దీపాలు విద్యుత్తు సంస్థ వారివి. పైన ముఖద్వారం టూరిజం వారిది. ఇంతమంది సంతకాలు ఒక్క నోట్‌ఫైలు మీద పడేసరికి మన మనవలు రిటైరవుతారు. ఒక్క వెసులుబాటు వచ్చింది. 2022 ఏప్రిల్‌కు ముందు వంతెనకు ఇటు ఒక కలెక్టరు, అటు ఒక కలెక్టరు. జిల్లాలు విడగొట్టాక రాజమండ్రీ, కొవ్వూరూ రెండూ తూర్పు గోదావరిలోనే ఉన్నాయి. జిల్లాలు చీల్చడం మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇంకో సభలో. ఈ పనికి మాత్రం అది మేలే చేసింది. ఒకే కలెక్టరు గారు అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒకే రోజు జాయింటు ఇన్‌స్పెక్షను పెట్టగలరు.

గట్టు గురించి నీటిపారుదల శాఖలో పనిచేసినవాడిగా ఒక మాట. గట్టు ముందు గట్టు, ఆ తర్వాతే దారి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ రాత్రుల్లో ఇసుక బస్తాలు పోయిన చోట పూలకుండీలు, సిమెంటు బొమ్మలు అడ్డుంటే ఏం చేస్తారు? గట్టులో చెట్లు నాటకూడదు, వేళ్ళ వెంట నీరు దారి చేసుకుంటుంది. స్తంభాల కోసం ఇష్టం వచ్చినట్టు తవ్వకూడదు. చదునైన దారి, నీరు పోయే వాలు, అంతే. అందం కావాలంటే గోదావరి ఉంది కదండీ.

ఇంకోటి, పద్దు. కట్టడానికి డబ్బు వస్తుంది, శిలాఫలకం వేస్తారు. రెండో ఏడాది దీపం మాడిపోతే మార్చడానికి ఏ పద్దు కింద ఖర్చు రాయాలో ఎవరికీ తెలియదు. మూడో ఏడాది ఆడవాళ్ళు ఆ దారిన పోవడం మానేస్తారు. కాబట్టి నిర్వహణకు ఫలానా కార్యాలయం, ఫలానా పద్దు అని మొదటి ఉత్తర్వులోనే రాయించాలి. తర్వాత చూద్దాం అన్న ఫైళ్ళు ఎక్కడ చూస్తామో మీకు తెలుసు.

"ఇప్పుడు సైకిలు ఎవరు తొక్కుతున్నారండీ, అందరికీ మోటారు సైకిళ్ళే కదా" అని మన సభ్యులొకరు నన్నడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర అభిప్రాయం ఉంది గానీ అంకె లేదు. అధికారుల దగ్గర కూడా ఉందని నేననుకోను. బళ్ళ లెక్క తీసేవాళ్ళు లారీలు, బస్సులు, కార్లు శ్రద్ధగా రాస్తారు. తెల్లవారుజామున దీపం లేకుండా పోయే సైకిలు ఆ కాగితంలోకి ఎక్కదు. కాగితంలో లేనివాడికి ప్లానులో చోటుండదు.

నియమం మాత్రం ఉంది. సైకిలు దారుల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ఒక పుస్తకం వేసింది, 2015లో సవరించింది. 1962 పుస్తకంలో చెప్పిన కొలత నాకు కంఠతా వచ్చు. గంటకు 200 కంటే ఎక్కువ మోటారు బళ్ళు పోయే రోడ్డు మీద, రద్దీ గంటలో 100 సైకిళ్ళు పోతే చాలు, వాటికి విడిగా దారి వేయడం సమంజసం. వెడల్పు కనీసం 2 మీటర్లుండాలి. రోడ్డు-రైలు వంతెన మీద గంటకు 200 మోటారు బళ్ళు పోతాయో లేదో మీలో ఎవరికీ అనుమానం ఉండదు. ఇక తేలాల్సింది 100 సైకిళ్ళ మాట. అది లెక్కపెట్టడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. నలభై ఏళ్ళు అంకెలు కూడినవాళ్ళం ఈ హాల్లో ఇంతమందిమి ఉన్నాం. మనకు తెల్లవారుజామున ఎలాగూ నిద్ర పట్టదు.

అందుకని ఒక ఫారం తయారుచేశాను. పావుగంటకొక గడి. సైకిళ్ళు, నడిచేవారు, అందులో ఆడవారు, బడి పిల్లలు అని నాలుగు కాలమ్‌లు. నాలుగు గీతలు, అడ్డంగా ఒక గీత, మన పాత పద్ధతే. వచ్చే నెల మొదటి సోమవారం, బుధవారం, శనివారం ఉదయం 4:30 నుంచి 8:30 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు, రాత్రి 9:30 నుంచి 11 వరకు వంతెనకు రెండు చివర్లా కూర్చోవాలి. వందకు తక్కువ వస్తే తక్కువే రాద్దాం. ఒక్క గీత ఎక్కువ వేయవద్దు. ఆ అంకెలతో మూడు కోరికల మహజరు ఇస్తాం. సైకిలుకు, నడిచేవాడికి ఏ వేళైనా టిక్కెట్టు లేని దారి. అటు ఫ్యాక్టరీల దాకా, ఇటు మిల్లు దాకా తెగకుండా ఆ దారి. నిర్వహణకు ఒక కార్యాలయం పేరు.

ఫారాలు కోశాధికారి గారి బల్ల మీద ఉన్నాయి. రాజమండ్రి వైపు తొమ్మిది మంది పేర్లిచ్చారు, చాలు. కొవ్వూరు వైపు ఇద్దరే ఉన్నారు, ఇంకా నలుగురు కావాలి. శుక్లాల ఆపరేషను అయినవారు రాత్రి వంతు తీసుకోవద్దు, సాయంత్రం వంతు రాయించుకోండి. టార్చిలైటు, మఫ్లరు ఎవరివి వారే తెచ్చుకోవాలి. టీ ఖర్చు సంఘానిది, అధ్యక్షుల వారు ఇందాకే ఒప్పుకున్నారు.