నీరు సోకిన ఇంజను
(వారపు సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగము)



2022 జూలైలో గోదావరి వరద యానాం వీధులలోనికి వచ్చినది. మనవారిలో పెక్కుమందికి మోటారు సైకిలో, ఆటోయో జీవనాధారము. కనుక నీరు సోకిన పెట్రోలు ఇంజనును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయరాదు. నీరు గాలివలె అణగునది కాదు. సిలిండరులో నీరుండగా బలముగా త్రిప్పినచో కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చును. స్విచ్చి ఆపి, ప్లగ్గు విప్పి, కిక్కుతో మెల్లగా త్రిప్పి నీటిని వెడలగొట్టవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో మార్చక నడుపరాదు.

మునుగకున్నను వానకు తడిసిన బండి తడబడుటకు ముఖ్యకారణములు రెండు.

మొదటిది విద్యుత్తు. ప్లగ్గు తీగలో వచ్చునది వేల వోల్టుల శక్తి. తీగ బీటలు వారినను, క్యాపు తడిసినను ఆ శక్తి ప్లగ్గు కొనకు చేరక తడిదారిన జారిపోవును. చీకటిలో ఆ మెరుపు కంటికి కనబడును కూడ. తడిసినదానిని ఆరబెట్టుడు, బీటలు వారినదానిని మార్చుడు.

రెండవది ఇంధనము. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక కార్బురేటరు అడుగున చేరును. అడుగు స్క్రూ వదులుచేసి తీసివేయవలెను. దగ్గర బీడీగాని దీపముగాని కూడదు. నేటి పెట్రోలులోని ఇథనాలు నీటిని పీల్చును. హద్దు మీరినచో నీటితో కూడి ట్యాంకు అడుగునకు దిగును. అప్పుడు ట్యాంకును ఖాళీ చేయింపక తప్పదు.

గుడ్డతో తుడిచిన పోవు దోషమునకు తొందరపడి ఇంజనునే పోగొట్టుకొనవలదు. ఈ సంగతి ఇరుగుపొరుగు డ్రైవరులకును తెలుపుడని నా ప్రార్థన.