కొన్న ఆటలు, ఆడని ఆటలు: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఈరోజు మాట్లాడుకునేది కొత్తగా వచ్చిన ఆట గురించి కాదు. ఎప్పుడో కొనేసి, ఇన్‌స్టాల్ కూడా చేయకుండా లైబ్రరీలో పడేసిన ఆటల గురించి. గేమర్లు దీన్ని బ్యాక్‌లాగ్ అంటారు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాటలోనే ఒక చిక్కుంది, దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ముందు లెక్క చూద్దాం. నా స్టీమ్ లైబ్రరీలో ఒక్కసారి కూడా తెరవని ఆటలు 140. ఒక్కోటి సగటున 10 గంటలు అనుకున్నా మొత్తం 1400 గంటలు. ఆఫీసు, ఇల్లు, పాప హోంవర్కు అన్నీ అయ్యాక నాకు మిగిలేది రాత్రి ఒక గంట. రోజూ మానకుండా ఆడినా దగ్గరదగ్గర నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు కొత్తది ఒక్కటీ కొనకూడదు. జరిగే పనేనా చెప్పండి? అందుకే అన్నీ పూర్తి చేయాలన్న లక్ష్యం నేను పెట్టుకోలేదు.

ఇన్ని ఎలా పోగవుతాయి అంటే, దారులు చాలానే ఉన్నాయి. స్టీమ్‌లో వేసవి సేల్, శీతాకాలం సేల్. హంబుల్ బండిల్‌లో ఒక ఆట కోసం కొంటే దాంతోపాటు వచ్చే ఇంకో ఐదారు. 2018 డిసెంబరులో మొదలైన ఎపిక్ స్టోర్ అయితే ఉచితంగానే ఆటలు పంచుతోంది. 2020 మేలో జీటీఏ 5నే ఉచితంగా ఇచ్చేశారు. ఇక 2000 రూపాయల ఆట 400కి దొరికితే 1600 మిగిలిందని సంబరపడతాం. ఆ ఆట ఆడకపోతే మిగిలిందేమీ లేదు, జేబులోంచి 400 పోయింది, అంతే.

సరే, ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెప్తాను. మొదట చిన్న ఆటలు. హౌ లాంగ్ టు బీట్ అనే వెబ్‌సైట్‌లో ఏ ఆటకి సుమారు ఎన్ని గంటలు పడుతుందో ఉంటుంది. ఎడిత్ ఫించ్ ఆట రెండు గంటలు. ఇన్‌సైడ్ మూడున్నర, నాలుగు గంటలు. విచర్ 3 అయితే అసలు కథ ఒక్కటే 50 గంటల దాకా. నాలాగా రోజుకి గంట ఉన్నవాళ్లకి మొదటిది రెండు రాత్రులు, చివరిది రెండు నెలలు. అందుకే ఒకసారికి ఒక పెద్ద ఆట, పక్కన ఒక చిన్న ఆట, అంతకు మించి పెట్టుకోను.

రెండోది, ఆపేసేటప్పుడు ఒక చీటీ. ఎక్కడిదాకా వచ్చాను, తర్వాత ఎటు వెళ్లాలి, ఏ బటన్ దేనికి అని రెండు ముక్కలు రాసి పెడతాను. పెద్ద ఆటలు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. నెల తర్వాత తెరిస్తే ఏమీ గుర్తుండదు, మళ్లీ మొదటి నుంచి ఆడే ఓపికా ఉండదు.

మూడోది, కొన్న వారంలోనే ఓ గంట ఆడి చూడటం. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, డబ్బు వెనక్కి అడగొచ్చు. దాచుకుంటే ఆ అవకాశం పోతుంది.

దాచుకోవడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం కొనేది లైసెన్సు మాత్రమే. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లని 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా, ఒంటరిగా అయినా సరే, ఇక ఆడలేకపోయారు. కాబట్టి సర్వర్ మీద ఆధారపడే ఆట ఏదైనా ఉంటే దాన్ని వరసలో ముందుకి తెచ్చుకోండి.

మనుషుల మీద ఆధారపడే ఆటలు ఇంకా ముందుకి రావాలి. పోర్టల్ 2లో ఇద్దరు కలిసి ఆడే భాగం ఉంది, రెండు రోబోలు ఒకదానికొకటి దారి వేసుకుంటూ వెళ్లాలి. అది నా దగ్గర ఏళ్ల తరబడి అలాగే ఉంది. మా తమ్ముడు డబ్లిన్ వెళ్లాక మా ఫోన్లు "తిన్నావా, చలెలా ఉంది" దగ్గరే అయిపోయేవి. ఈమధ్య ఆదివారం సాయంత్రాలు ఇద్దరం ఆ ఆట పెట్టుకున్నాం. "అన్నయ్యా, ఆగు, ఇంకా దూకకు" అని వాడు అరుస్తుంటే, మధ్యమధ్యలో ఉద్యోగం సంగతి, ఒంటరిగా ఉంటున్న సంగతి మెల్లగా బయటికొచ్చాయి. ఐదు వారాల్లో ఆట అయిపోయింది. ఆదివారం ఫోను మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వద్దాం. కాలేజీలో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. అది గట్టెక్కకపోతే డిగ్రీ రాదు. ఇక్కడ పరీక్ష పెట్టేవాళ్లూ లేరు, డిగ్రీ ఆపేవాళ్లూ లేరు. గంట ఆడి నచ్చకపోతే మూసేయండి. మీ 140లోంచి ఈ ఏడాదికి ఓ పది ఎంచుకుంటే చాలు. అందులో ఒకటైనా ఇంకొకరితో కలిసి ఆడేది పెట్టుకోండి. వాళ్లకి ఈరోజే ఒక మెసేజ్ పెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను అండీ.