టర్బో గాలికి పగ్గాలు

ఇంజను విడిచే పొగలోని శక్తిని వృథాగా పోనీయక, దానితోనే ఒక చక్రాన్ని త్రిప్పించి, అదనపు గాలిని తిరిగి ఇంజనుకే అందించవచ్చునన్న ఆలోచనకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందినాడు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ వంటి కార్లతో టర్బోఛార్జరు సామాన్య వాహనదారుని చెంతకు చేరినది. నేడు మన వీధులలో తిరిగే డీజిలు కార్లలో అది లేనిది అరుదు.

నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగగల ఆ చక్రానికి పగ్గం ఉండి తీరవలెను. లేనిచో గాలి ఒత్తిడి హద్దుమీరి ఇంజనుకే ముప్పు తెచ్చును. ఆ పగ్గాలు చూపునకు అల్పమైన వస్తువులు: సన్నని రబ్బరు గొట్టాలు, విద్యుత్తుతో పనిచేసే సొలినాయిడ్ వాల్వు, పలుచని పొరా స్ప్రింగూ గల యాక్చుయేటరు, దాని కడ్డీ. బండి బలం తగ్గగానే "టర్బో పోయింది" అనుకొని వేలకు వేలు వెచ్చించేవారున్నారు. అపరాధి పగిలిన గొట్టం మాత్రమే కావచ్చు.

ఆ పగులు ఫలితం అన్ని కార్లలో ఒకటి కాదు. గాలి ఒత్తిడితో వేస్ట్‌గేటు అనే తలుపు తెరుచుకొనే కార్లలో, యాక్చుయేటరుకు పోయే గొట్టం పగిలితే తలుపు తెరుచుకొనదు, ఒత్తిడి మితిమీరును. శూన్యపీడనంతో, అనగా వాక్యూంతో, టర్బోలోని రెక్కలను కదిలించే అనేక డీజిలు కార్లలో అదే పగులు వలన ఒత్తిడి పుట్టక, బండి ఎత్తు ఎక్కలేక నల్లని పొగ వదలును.

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే పని ప్రారంభింపవలెను. గొట్టాలకు గుర్తులు పెట్టి, ఒక్కొక్కటిగా విప్పి, వంచి చూడవలెను. బీటలున్నది, నూనెకు మెత్తబడినది మార్చవలెను. సొలినాయిడ్ వాల్వుకు చిన్న వడపోత ఉన్నచో దుమ్ము దులపవలెను. విద్యుత్ కనెక్షన్లను అందుకై అమ్మే స్ప్రేతోనే శుభ్రపరచి, ఆరిన తరువాత బిగింపవలెను. రబ్బరు పొరలకు పెట్రోలు తగలరాదు. ఒత్తిడిని కొలిచే సెన్సారుపై నూనె మసి చేరినప్పుడు సెన్సార్లకు తగిన ద్రవంతోనే కడుగవలెను, పుల్లతో గీకరాదు.

వాక్యూం యాక్చుయేటరును చేతి పంపుతో పరీక్షింపవచ్చును. కడ్డీ తడబడక కదిలి, పట్టు నిలిచినచో పొర క్షేమమే. పట్టు నిలిచి కూడా కడ్డీ బిగుసుకొన్నచో, లోపలి రెక్కలకు మసి పట్టిందేమో చూడవలెను. దానిని విప్పడం అనుభవజ్ఞుడైన మెకానిక్కు పని. కొద్దిదూరాలే నెమ్మదిగా తిరిగే డీజిలు కార్లకు ఈ బాధ ఎక్కువ. విద్యుత్ మోటారుతో నడిచే యాక్చుయేటరును ఇంట విప్పరాదు.

ఒక హెచ్చరిక. బలం పెరుగునన్న ఆశతో కడ్డీ పొడవును ఎన్నడూ మార్చరాదు. ఆ కొలతను పరికరంతో సరిచూసి బిగించినారు. మరమీద ఒక్క చుట్టు తప్పినా ఒత్తిడి హద్దు మారిపోవును. కడ్డీ కీలుకు మామూలు నూనె పూసినచో, ఆ వేడికి మాడి మరింత బిగించును.

కావున పెద్ద భాగాన్ని మార్చుటకు ఒప్పుకొనేముందు, ఈ చిన్న భాగాలను చూచినారా అని మెకానిక్కును అడుగుట మీ హక్కు. ఆ ఒక్క ప్రశ్న వేల రూపాయలు మిగిల్చినా ఆశ్చర్యం లేదు.