ఇంటికప్పున ఎండయా, గాలియా?

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



మన సంఘమువారు ఈ యేడు భవననిధిలో కొంత సొమ్మును విద్యుచ్ఛక్తికై వినియోగింపదలచినారు. మేడమీద సౌరఫలకములు అమర్చవలెనని కొందరును, చిన్న గాలిమరలు నిలుపవలెనని కొందరును చెప్పుచున్నారు. ఉభయపక్షములవారును మంచి మనస్సుతోనే చెప్పుచున్నారు. అయితే ఆ నిధి మీరు నెలనెల నూరు, ఇన్నూరు చొప్పున కూర్చి యిచ్చినది. అందులో వృథాయైన ప్రతి రూపాయియు మన తెలుగు పంతులుగారి జీతమునుండి పోయినట్లే. కావున లెక్కవేసి చూతమని ఈ సాయంకాలము మీ యెదుట నిలిచితిని. పాఠశాలకు పనికివచ్చు లెక్క మీ యింటికిని, మీ అంగడికిని, మీ చిన్న కార్ఖానాకును పనికివచ్చును.

కోయంబత్తూరువారికి విద్యుత్తు మహిమను వేరుగా చెప్పనక్కరలేదు. 1932లో నీలగిరులనుండి పైకారా జలవిద్యుత్తు దిగివచ్చిన తరువాతనే గదా మన మిల్లులు వరుసగా లేచినవి! జి.డి. నాయుడుగారి ఊరు ఇది. మోటారు విప్పి చూడని యిల్లు ఈ ప్రాంతమున అరుదు. అయినను గాలిమర విషయమున మన కన్నులే మనలను మోసపుచ్చుచున్నవి. పల్లడము మీదుగా ఉడుమలైపేటకు పోవునపుడు దారిప్రక్కల పొలములలో గాలిమరలు తిరుగుచుండుట పిల్లలు మొదలు పెద్దలవరకు అందరమును చూచుచున్నాము. “అక్కడ అంత చక్కగా తిరుగునది మన మేడమీద ఏల తిరుగదు?” అని తోచుట సహజము.

అక్కడ ఏల తిరుగుచున్నదో ముందు చూడుడు. పడమటి కనుమలు గోడవలె నిలిచియుండగా, పాలక్కాడు వద్ద మాత్రము సుమారు ముప్పది కిలోమీటర్ల వెడల్పున ఆ గోడకు వాకిలి యున్నది. నైరృతి ఋతుపవనము ఆ వాకిట దూరి, వేగము పుంజుకొని, మన మైదానముపై పడును. దక్షిణమున ఆరల్వాయిమొళి కనుమవద్దను ఇట్లే. ముప్పందల్ గాలిమరలకు ప్రసిద్ధి కెక్కినది అందుచేతనే. మన దేశమున మొదటి గాలిమరల క్షేత్రములు 1986లో వెలసినపుడు వానిలో నొకటి తమిళనాటి తీరమున నుండెను. అటుపిమ్మట మిల్లుల యజమానులే ముందుకు వచ్చి, ఎక్కడనో పొలమున మరను నిలిపి, విద్యుత్ బోర్డు తీగలద్వారా ఆ కరెంటును తమ మిల్లునకు చేర్చుకొనిరి. ఇది పెద్ద కనెక్షన్లు గలవారి బాట. నేటి పెద్ద మరల స్తంభములు నూరు మీటర్ల ఎత్తు దాటినవి. అనగా ఆ రెక్కలకు తగులు గాలి మన మేడమీది గాలి కాదు.

ఈ తేడా ఎంతటిదో తెలిసికొనుటకు ఒక సూత్రమును గుర్తుంచుకొనిన చాలును. గాలి వేగము రెట్టింపైనచో అందలి శక్తి రెట్టింపు గాదు, ఎనిమిది రెట్లగును. వేగము సగమైనచో శక్తి ఎనిమిదవ వంతునకు పడిపోవును. మూడు మీటర్ల వ్యాసముగల చిన్న గాలిమరను తీసికొందము. సెకండునకు నాలుగు మీటర్ల వేగముతో, అనగా గంటకు పదునాలుగు కిలోమీటర్లకు మించి, రేయింబవళ్లు ఆగకుండ గాలి వీచినదనుకొనుడు. అందలి శక్తిలో నాలుగవ వంతు మరకు చిక్కినచో దినమునకు ఒకటిన్నర యూనిట్టుకంటె పెద్దగా రాదు. అదే గాలి ఎనిమిది మీటర్ల వేగముతో వీచినచో పదమూడు యూనిట్లు వచ్చును. ఆ మర తిరుగు వృత్తము ఎంత వైశాల్యము గలదో అంత వైశాల్యముగల సౌరఫలకములు మన ఊరి యెండలో ఏడాది సగటున దినమునకు ఐదు యూనిట్లకు తక్కువ కాకుండ ఇచ్చును.

ఊరిలో, ఇండ్లమధ్య, మేడమీద ఎనిమిది మీటర్ల గాలి నిలుకడగా దొరకదు. ఆడి మాసపు గాలికి సన్నికల్లు సైతము ఎగిరిపోవునని మన తమిళ సోదరులు చెప్పుదురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని మాఘమాసమున బట్టలారుటకైనను గాలి చాలని దినములు గలవు. అదియునుగాక ఇండ్లకును చెట్లకును తగిలిన గాలి సుడులు తిరుగును. అట్టి గాలిలో మర ఒకసారి ఇటును ఒకసారి అటును తిరిగి, శక్తి నీయక, బేరింగులను మాత్రము అరుగదీయును. చుట్టును అయిదువందల అడుగులలో నున్న ఎత్తైన వస్తువుకంటె ముప్పది అడుగులు పైన మర యుండవలెనని అనుభవజ్ఞుల సూత్రము. మన బడి చుట్టునున్న మూడంతస్తుల మేడలను లెక్కించి చూచిన, ఎంత స్తంభము కావలెనో మీరే ఊహింపగలరు. ఆ స్తంభమును కప్పుమీద బిగించినచో దాని అదురు గోడలలోనికి దిగును. క్రిందనేమో అయిదవ తరగతి పిల్లలు ఎక్కములు వల్లించుచుందురు.

అమ్మకమునకు వచ్చువారు “ఇది ఒక కిలోవాటు యంత్రము” అని చెప్పుదురు. ఎంత గాలికి ఒక కిలోవాటు? అని అడుగుడు. సాధారణముగా సెకండునకు పదునొకండు, పండ్రెండు మీటర్ల గాలికి ఆ సంఖ్య వ్రాసియుందురు. నాలుగు మీటర్ల గాలిలో ఆ యంత్రమే ఏబది వాట్లకు అటునిటుగా ఇచ్చును, అనగా నొక ఫ్యానునకు సరి. ఆ యంత్రము చెడ్డదని కాదు. అది కోరు గాలి మనవద్ద లేదు. మీ కప్పు ఎత్తున ఒక సంవత్సరము గాలి వేగమును కొలిచిన కాగితము చూపని వానికి అడ్వాన్సు ఇయ్యవలదని నా అభిప్రాయము.

సౌరఫలకములవారును సంఖ్య నట్లే వ్రాయుదురు. ఫలకము ఇరువదియైదు డిగ్రీల వేడిమిలో నున్నట్లు భావించి వ్రాసిన సంఖ్య అది. చైత్ర వైశాఖములలో మన కప్పుమీది ఫలకము అరువది డిగ్రీలకు కాగును. అప్పుడు వందకు పది పండ్రెండు పాళ్లు శక్తి తగ్గును. ధూళి పేరుకొన్నచో మరికొంత తగ్గును. తెల్లవారుజామున నీళ్లతో కడిగిన చాలును. మిట్టమధ్యాహ్నము కాగిన అద్దముమీద చల్లని నీరు పోయరాదు. ఇవి యన్నియు పోగా, ఒక కిలోవాటు ఫలకములు ఏడాది సగటున దినమునకు సుమారు నాలుగు యూనిట్లు ఇచ్చును. వానకారు మబ్బులలో తక్కువ, ఫాల్గుణమున ఎక్కువ. కిలోవాటునకు సుమారు నూరు చదరపుటడుగుల కప్పు కావలెను. తిరుగు భాగములు లేవు గనుక ఇరువదియైదేండ్లు పనిచేయును. నడుమ ఇన్వర్టరు నొకసారి మార్చవలసివచ్చును. ఆ సొమ్మును ముందుగానే ప్రక్కన పెట్టుడు.

మూడు కిలోవాట్ల అమరికకు రెండు లక్షల రూపాయలకు అటునిటుగా నగును. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన సూర్యగృహ పథకమున గృహములకు డెబ్బదియెనిమిది వేలవరకు సహాయము నిర్ణయించిరి. మిగిలినది లక్షా ఇరువదిరెండు వేలు. సంవత్సరమునకు నాలుగువేల యూనిట్లు వచ్చి, ఒక్కొక్క యూనిట్టు మీకు ఏడు రూపాయలు మిగిల్చినచో నాలుగున్నర యేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. కాని కరెంటు తక్కువగా వాడుచు, తక్కువ ధరల శ్రేణిలోనే యుండు చిన్న కుటుంబములకు ఈ లెక్క వర్తింపదు. వారికి మిగులునది స్వల్పము. అప్పుచేసి ఫలకములు కొనుట తగదు. ఇరుగింటివారు పెట్టించిరని పెట్టించుట మరియు తగదు.

ఇక చాలమంది యెరుగని సంగతి యొకటి గలదు. బ్యాటరీలేని సాధారణపు అమరిక, వీధిలో కరెంటు పోయినపుడు తానును ఆగిపోవును. పట్టపగలు, మండుటెండలో, కప్పునిండ ఫలకములుండియు ఇంటిలో ఫ్యాను తిరుగదు. తీగలమీద పనిచేయు లైన్‌మాన్ ప్రాణమునకు ముప్పు రాకుండుటకే ఈ ఏర్పాటు. కరెంటు పోయినపుడును వెలుగు కావలెననినచో బ్యాటరీయు, తగిన ఇన్వర్టరును వేరుగా కొనవలెను. ఖర్చు చాల పెరుగును. కొన్న తరువాత కోపగించుటకంటె ముందే అడుగుట మేలు.

వ్యాపారస్థులు తమ పని ఏ వేళ నడచునో చూచుకొనవలెను. లేతుపట్టడ, దర్జీ దుకాణము, గ్రైండర్లు చేయు పట్టడ — ఇవి పగలే నడచును గనుక ఎండ వచ్చినది వచ్చినట్లే ఖర్చగును. సోమనూరు, పల్లడము మరమగ్గములు రాత్రియు నడచును. ఎండ వారికి సగము పనియే చేయును. తెల్లవారకముందే పిండి రుబ్బి అమ్మువారికి అదియు లేదు. గృహములకున్న ప్రభుత్వ సహాయము దుకాణములకు లేదు. మిగిలిన కరెంటును బోర్డువారు ఎట్లు లెక్కకట్టుదురో ఆ నియమములు కనెక్షనునుబట్టి వేరుగా నుండును. దానిని కార్యాలయమున వ్రాతమూలకముగా తెలిసికొనిన తరువాతనే సంతకము చేయుడు.

ఎండ మబ్బున క్షీణించునప్పుడే గాలి హెచ్చును గదా, రెంటిని జతచేసిన మంచిదికాదా అని మొన్న ఒక తండ్రిగారు అడిగినారు. మంచి ప్రశ్న. ఆషాఢ శ్రావణములలో జరుగునది అదియే. కాని ఆ జత మన కప్పుమీద కుదరదు, రాష్ట్రమంతట పరచుకొనిన తీగలమీద కుదురును. మీలో ఎవరికైన చెట్టులేని మెట్టమీద, గాలి దారిలో, కరెంటు తీగ చేరని తోట యున్నచో అక్కడ చిన్న గాలిమర బ్యాటరీతో కలిసి రాత్రివేళ మిక్కిలి ఉపకరించును. అట్టి చోటను నేను గాలిమరనే కోరుదును.

మన పాఠశాల పగటిపూట నడచును. కావున ఎండయే మనకు తగినది. వేసవి సెలవులలో వచ్చు కరెంటు మాత్రము తీగలపాలగును. దానికి ఎంత జమ దొరకునో సంఘమువారు ముందుగా విచారింపవలెను. పాత భవనము మద్రాసు మిద్దె — టేకు దూలములమీద ఇటుకలు, సున్నము. దానిమీద బోల్టులు దింపినచో మొదటి వానకే కారును. ఒక్కొక్క ఫలకము ఇరువది కిలోలకు పైబడి తూగును. ఇనుప చట్రము బరువు వేరు. కావున కొత్త కాంక్రీటు కట్టడము మీదనే, అదియు ఇంజనీరు పరీక్షించిన పిమ్మట, దక్షిణముఖముగా పదునొకండు డిగ్రీల వాలుతో అమర్చవలెను. పడమటనున్న వేపచెట్టు నీడ మూడుగంటల తరువాత కప్పుమీద పడుచున్నది, దానిని కొట్టించుదమా అని ఒకరు వ్రాసినారు. వరుసలో ఒక ఫలకముమీద నీడ పడినను తక్కిన వానికిని దెబ్బ తగులునన్నది నిజమే. అందుకై చెట్టును కొట్టనక్కరలేదు. పడమటి పండ్రెండు అడుగులు ఖాళీగా వదలిన చాలును. అటుపోను మిగిలిన కప్పు పది కిలోవాట్లకు సరిపోవుచున్నది. నిన్ననే టేపు పట్టి కొలిపించినాము.