ఓటు ఒక్కటే చాలదు
(అంతర్జాతీయ మహిళా దినోత్సవ సందర్భంగా మన సంఘ భవనంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. సర్వీసులో ఉండగా యూనియన్ మహాసభ జరిగిన ప్రతిసారీ ప్రార్థన గీతం మాదే, అతిథులకు కుంకుమ, పన్నీరు మావే. తీర్మానాలు మాత్రం మగవారివి. మన సంఘంలోనూ అదే పద్ధతి సాగుతోంది. "మీరు నిలబడతామంటే మేం కాదన్నామా?" అని సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

1917 మే నెలలో మద్రాసు అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. అనీబిసెంట్, డొరోతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్స్ దానికి ముఖ్యులు. కజిన్స్ గారు ఐర్లండులో స్త్రీల ఓటు కోసం జైలుకు వెళ్ళిన మనిషి. మన మదనపల్లెలో నివసించినావిడ. ఆ ఏడాది డిసెంబరులోనే సరోజినీ నాయుడు గారి నాయకత్వంలో మహిళా ప్రతినిధి వర్గం భారత వ్యవహారాల మంత్రి మాంటేగును మద్రాసులో కలిసి, పురుషులతో సమానంగా ఓటు కావాలని కోరింది. 1921లో మద్రాసు శాసనమండలి అందుకు అంగీకరించింది. ఆస్తి ఉన్నవారికే ఓటు గనుక ఆ హక్కు కొద్దిమందికే దక్కిందనుకోండి.

ఓటు వచ్చింది. మరి సభలోకి స్త్రీ వచ్చిందా? రాలేదు. పోటీ చేసే హక్కు 1926లో గాని రాలేదు. ఆ ఎన్నికల్లో కజిన్స్ గారి ప్రోత్సాహంతో ఇరవై మూడేళ్ళ కమలాదేవి ఛటోపాధ్యాయ నిలబడ్డారు. పోలింగుకు కొద్దికాలం ముందు మాత్రమే రంగంలోకి దిగారు. అయినా స్వల్ప తేడాతోనే ఓడిపోయారు. అప్పుడు కూడా చట్టం కాదనలేదు. ముందునుంచి ఏర్పాటు లేకపోవడమే లోటు.

ఆ సంఘం అక్కడితో ఊరుకోలేదు. స్త్రీలను నామినేట్ చేయమని ప్రభుత్వాన్ని కోరింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు శాసనమండలిలో అడుగుపెట్టారు. సభ్యులు ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. దేవాలయాలకు ఆడపిల్లలను దేవదాసీలుగా అర్పించే ఆచారం పోవాలని ఆమె ఆ సభలోనే తీర్మానం తెచ్చారు. అంతమంది పురుషులు కూర్చున్న చోట ఆ మాట ఎత్తడానికి ఒక స్త్రీ కావలసి వచ్చింది! 1930లో గాంధీగారి అరెస్టుకు నిరసనగా ఆ పదవినే వదులుకున్నారు.

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పంచాయతీలలో మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. తరువాత మన రాష్ట్రంలో అది సగమైంది. అయినా సర్పంచి కుర్చీలో భార్య, కాగితాల దగ్గర భర్త అన్న ఊళ్ళు మనకు తెలియనివి కావు. సీటు చట్టం ఇస్తుంది. వెన్నుదన్ను మాత్రం పక్కనున్నవాళ్ళే ఇవ్వాలి.

కాబట్టి సోదరీమణులారా, నా కోరిక చిన్నది. సంఘం ఎన్నికలకు ఆరు నెలల ముందే పదిమంది ఆడవాళ్ళం ఒక చిన్న బృందంగా కూడుదాం. నెలకొకసారి ఒకరింట కలుద్దాం. ఎవరు నిలబడాలో మనలో మనమే తేల్చుకుందాం. జమాఖర్చులు, నియమావళి చదవడం రానివారికి వచ్చినవారు నేర్పుదాం. సభ్యుల ఇళ్ళకు వెళ్ళి ఓటు అడుగుదాం. కుటుంబ పెన్షను కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే వితంతువుల కష్టం కార్యవర్గంలో చెప్పేవారు ఒకరైనా ఉండాలి గదా!

సోదరులకు ఒక్క మనవి. మీరు కాదనలేదు, నిజమే. ఈసారి మా పేర్లను ప్రతిపాదించి, బలపరచి చూడండి. ప్రార్థన గీతం మేమే పాడతాం; తీర్మానమూ మేమే చదువుతాం.