వృద్ధ సైనికుల పోషణము - మన విధి
(సబ్బవరమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, వసతి గృహములను గూర్చియు పెద్దలు ఇంతకు పూర్వమే చక్కగా ఉపన్యసించిరి. మాకు ఒప్పగింపబడిన విషయము అంత సభారంజకమైనది కాదు. ఐనను దీనిని వినవలసినవారు ఈ సభలోనే కలరు. రాలేక ఇంట మంచము పట్టియున్నవారును కలరు. సైన్యమున కొలువుచేసి ముదిమిచే క్రుంగిన మనవారికిని, వారి భార్యలకును ప్రభుత్వ మొసగు ద్రవ్యసహాయ మెట్టిదో, అది యెచ్చట చాలకున్నదో, ఆ కొరతను మన మెట్లు తీర్పవలయునో విన్నవించుటయే మా యుద్దేశము.

ఆంధ్రదేశమునకు సైనికవృత్తి క్రొత్త గాదు. పశ్చిమ గోదావరిలోని మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. మన విశాఖపట్టణము తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము. శ్రీకాకుళము మొదలు అనకాపల్లి వరకు గల పల్లెలనుండి సైన్యమున చేరినవా రెందరో కలరు. యౌవనమున వారిని పూలమాలలతో పంపితిమి. వార్ధక్యమున వారి గతి యేమని విచారించుటయు మన విధియే.

మాజీ సైనికులు రెండు తెగలు: పింఛను గలవారు, లేనివారు. జవానుగా పదునైదేండ్లు నిండ కొలువు చేసినవారికి సామాన్యముగా పింఛను కలదు. అంతకు ముందే విడుదలయైనవారిలో పెక్కండ్రకు లేదు. అట్టివారిలో హవల్దారు పదవి వరకు గలవారికి, అరువది యైదేండ్లు నిండి వేరు ఆదాయము లేకున్నచో, కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా నెలసరి దారిద్ర్య సహాయము కలదు. వారి వితంతువులకును ఇది చెల్లును. నెలకు 4,000 రూపాయలుగా నున్న ఈ సహాయమును 2025 నవంబరు 1 నుండి 8,000 రూపాయలు చేసిరి. పింఛను లేనివారి వైద్యవ్యయమునకై సంవత్సరమునకు 50,000 రూపాయల వరకు వేరొక సహాయమును కలదు. దరఖాస్తులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పోవలయును. మంచము దిగలేని నిరుపేదలకు మన రాష్ట్ర ప్రభుత్వము 2024 జూలై నుండి ఎన్టీఆర్ భరోసా క్రింద నెలకు 15,000 రూపాయల పింఛను నేర్పరచినది. ఇన్ని యుండియు, అడుగువారు లేక ఈ ద్రవ్యము మన గడపకు రాకుండుట శోచనీయము.

ఇక పింఛను గలవారి మాట. ఎనుబదియవ యేట మూలపింఛనులో నూటికి 20, ఎనుబదియైదవ యేట 30, తొంబదియవ యేట 40, తొంబదియైదవ యేట 50, నూరవ యేట నూటికి నూరు వంతున అదనముగా కలియును. ఇది కుటుంబ పింఛను పొందు వితంతువులకును వర్తించును. కాని పత్రములలో పుట్టిన తేది లేకున్నను, తప్పుగా నున్నను ఈ హెచ్చింపు చిక్కులలో పడును. 2003 ఏప్రిలులో ప్రారంభమైన ఇ.సి.హెచ్.ఎస్. అను వైద్య పథకము వలన పింఛనుదారునకును, భార్యకును పాలిక్లినిక్కులయందు మందులును, అవసరమైనచో ఆసుపత్రి చికిత్సయు లభించును.

ఇంతవరకు మేలే. కొరత యెచ్చటనన: ఆసుపత్రికి సహాయమున్నది, ఇంటికి లేదు. పక్షవాతము వచ్చినవానిని ఆసుపత్రివారు కొన్నినాళ్లకు ఇంటికి పంపుదురు. అటుపిమ్మట వానిని లేపి కూర్చుండబెట్టుటకు, స్నానము చేయించుటకు, పుండ్లు పడకుండ ప్రక్కకు త్రిప్పుటకు మనిషి కావలయును. ఆ మనిషి జీత మెవ రిత్తురు? సైన్యములో నిత్య పరిచర్య భృతి యను నొకటి కలదు. 2017లో దానిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించిరి. కరువుభత్యము పెరిగిన కొలది అదియు పెరుగును. కాని కొలువు కారణముగా నూటికి నూరుపాళ్లు అంగవైకల్యము నొందినవారికే అది లభించును. ముదిమిలో వచ్చిన పక్షవాతమునకు లేదు. మంచము పట్టిన భార్యకు అసలే లేదు. ఎనుబదియవ యేటి హెచ్చింపును వయస్సునుబట్టి వచ్చునదేగాని అక్కరనుబట్టి వచ్చునది కాదు. డెబ్బదిరెండవ యేట మంచము పట్టినవాడు ఎనిమిదేండ్లు వేచియుండవలయునా? వ్యాధి యేండ్లు లెక్కపెట్టుకొని రాదు.

ఇందు మరియొక బాధ కలదు. భర్త పడియున్నంత కాలము పరిచర్య యంతయు భార్యదే. ఆమె జీత మడుగదు, సెలవు నడుగదు. భర్త గతించిన పిదప ఆమెయు వృద్ధురాలే, పింఛనును తగ్గును. జీతములో సగమున్న పింఛను, సామాన్య కుటుంబ పింఛనుగా మారునప్పుడు నూటికి ముప్పది వంతగును. అనగా ఐదుపాళ్లలో మూడుపాళ్లు. మందుల వెల మాత్రము మూడుపాళ్లు కాదు గదా! అమెరికా దేశమున యుద్ధకాలమున పనిచేసిన బీద సైనికులకును, వారి వితంతువులకును, దినకృత్యములకు పరుల సాయము కావలసినచో పింఛనుపై అదనపు మొత్త మొసగు పద్ధతి కలదు. అచ్చట కొలత వయస్సు గాదు, అక్కర. ఆ సూత్రమును మన ప్రభుత్వమును గ్రహింపదగును.

ప్రభుత్వము గ్రహించువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. కాన సభవారి యెదుట కొన్ని సూచనల నుంచుచున్నాము.

మొదటిది: ప్రతి గ్రామమునను మాజీ సైనికుల పేర్లు, వయస్సులు, భార్యల పేర్లు, పింఛను వివరములతో నొక పుస్తకము నుంచవలయును.

రెండవది: భర్త జీవించియుండగనే పింఛను పత్రమున భార్య పేరును, పుట్టిన తేదియు సరిగా నున్నవేమో చూడవలయును. డిశ్చార్జి పుస్తకమున నొక పేరు, ఆధారు కార్డున నొక పేరు ఉన్నచో, భర్త పోయిన పిమ్మట ఆ దిద్దుబాటునకై ఆ యిల్లాలు ఆఫీసుల చుట్టు తిరుగవలసివచ్చును. దుఃఖములో నున్నదానికి అంతకన్న కష్టమేమున్నది?

మూడవది: ఏటేట సజీవ ధ్రువపత్రము నీయనిచో పింఛను నిలిచిపోవును. నడువలేనివారి యింటికి మన యువకులే పోయి సెల్‌ఫోను ద్వారా ఆ పని ముగింపవలయును.

నాలుగవది: మన యువతీయువకులలో కొందరికి రోగిపరిచర్య నేర్పించి, సంఘ నిధినుండి వేతనమిచ్చి, వారమున కొక్కదినమైనను పరిచర్య చేయు ఇల్లాండ్రకు విశ్రాంతి కల్పింపవలయును. దాతలు సత్రములు కట్టించిరి, అన్నదానములు చేసిరి. ఈ దానమును అట్టిదే.

ఐదవది: 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల పోషణ చట్టము ప్రకారము, పోషింపని బిడ్డలపై వృద్ధులు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. కాని ఆ గడప త్రొక్కవలసిన దుస్థితి మన కులమున ఏ తల్లికిని రాకుండ పెద్దలు ముందే కలుగజేసికొనవలయును. చట్టపు చిక్కులు తప్పనిచో, 2025లో ప్రారంభమైన వీర పరివార్ సహాయతా యోజన క్రింద సైనిక కుటుంబములకు న్యాయసహాయము కలదు. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము ఈ సబ్బవరముననే వెలసియుండగా, న్యాయ మెరుగక నష్టపోతిమనుట మనకు శోభింపదు.

ఆరవది: నిత్య పరిచర్య భృతిని అక్కరనుబట్టి, సైనికునకును భార్యకును, వయోభేదము లేక యొసగవలయునని కేంద్ర ప్రభుత్వమును ప్రార్థించుచు ఈ సభ తీర్మానింపవలయును.

తుద కొక్క మాట. ఈ పుస్తకమున మన కులస్థుల పేర్లే వ్రాయవలయునా యని కొంద రడుగవచ్చును. సరిహద్దున కావలి యున్నవాడు వెనుక నిద్రించువారి కులమేమని యడుగలేదు. గ్రామమున నున్న ప్రతి సైనికుని పేరును వ్రాయుదము. మనము మొదలిడిన పనిని తక్కిన సంఘములును చేపట్టునెడల మన మహాసభకు అంతకు మించిన కీర్తి లేదు.