జీవకణములోని కత్తెర



చాదర్‌ఘాట్ వంతెన దాటి కోఠీ మీదుగా నాంపల్లివైపు సాగినచో మొజంజాహీ మార్కెట్టు వచ్చును. దాని చేరువనున్న తుల్జాగూడలోను, నాంపల్లి గృహకల్పలోను కొన్నేండ్లు డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము పనిచేసినది. నేడది ఉప్పల్‌లో నున్నది. మన దేశమున ఈ విద్యకు బీజము వేసినది హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను పరిశోధనాలయము, అందు కృషి చేసినవారు లాల్జీ సింగ్ గారు.

డి.ఎన్.ఏ. నాలుగే అక్షరములతో వ్రాసిన మిక్కిలి పొడవైన గ్రంథము. దానిని కత్తిరించు కత్తెర ఇనుముతో చేసినది కాదు. బాక్టీరియాలయందు పుట్టిన రెస్ట్రిక్షన్ ఎంజైము. తమపై దండెత్తు వైరసుల డి.ఎన్.ఏ.ను ఖండించుటకే బాక్టీరియాలు దీనిని దాచుకొన్నవి. తమ సొంత డి.ఎన్.ఏ. తెగిపోకుండ దానిపై రక్షణగా ఒక రసాయనిక ముద్ర వేసికొనును. ఈ రహస్యమును వెలికితీసిన ఆర్బర్, నాథన్స్, స్మిత్ అను శాస్త్రజ్ఞులకు 1978లో నోబెల్ బహుమానము లభించినది.

ఈకో ఆర్.ఐ. అను ఎంజైము జి-ఏ-ఏ-టి-టి-సి అను ఆరక్షరముల మాట కనిపించినచోటనే కోయును. ప్రయోగశాలలో చిన్న గొట్టమున డి.ఎన్.ఏ., తగిన లవణ ద్రావణము, ఎంజైము కలిపి 37 డిగ్రీల వెచ్చదనమున ఉంచుదురు. పిమ్మట ఆ తునకలను జెల్ అను మెత్తని పలకపై విద్యుత్తుతో నడిపింతురు. పొట్టివి ముందుకు పోవును, పొడవువి వెనుకబడును. ఒక్కొక్క మనిషిలో తునకల పొడవులు వేరు. కట్లపాము జాతి సర్పమున గుర్తించిన డి.ఎన్.ఏ. తునకను ఆనవాలుగా వాడి లాల్జీ సింగ్ గారు ఆ భేదములను చారలుగా చూపిరి.

బిడ్డయందలి ప్రతి చారయు తల్లినుండియో, తండ్రినుండియో వచ్చినదే. కేరళలోని తలశ్శేరిలో ఒక బాలుని తండ్రి యెవరన్న భరణపు వ్యాజ్యమున ఈ సాక్ష్యమును న్యాయస్థానము అంగీకరించినది. 1991లో కేరళ హైకోర్టు దానిని సమర్థించినది.

కోత సగములో నిలిచినచో లేని చార ఉన్నట్లు తోచును. అందుచేతనే కోత పూర్తియైనదా అని సరిచూచిన పిమ్మటనే తరువాతి పనికి పూనుకొందురు. నేడు వేలిముద్రల పరీక్షకు పి.సి.ఆర్. అను కొత్త పద్ధతి వచ్చినది. అయినను జన్యువులను కోసి అతుకు పనిలో ఈ కత్తెర ఇంకను చేతనున్నది. గొట్టములోనిది కంటికి కనబడని బొట్టే. కాని దానిని పరీక్షించు చేతియందు ఒక బిడ్డ యింటిపేరు, ఒక తల్లి గౌరవము నిలిచియుండును.